పాడని పంచమం

కచేరీకి పావుగంట ముందు మా మావయ్యగారు నన్నొక ప్రశ్న అడిగేవారు. నేనొక అబద్ధం చెప్పేదాన్ని. ఆ చలికాలం జరిగిన ఏడు కచేరీల్లోనూ ఇది తప్పలేదు.

"ఒకటిన్నరేగా, అమ్మాయ్?"

"ఒకటిన్నరే, మావయ్యగారూ."

కాదు, ఒకటి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పాడే ప్రతి మనిషి గొంతుకీ తగిన శ్రుతి ఒకటుంటుంది, దాని ఎత్తుని ఒకటి, ఒకటిన్నర, రెండు అని లెక్కపెడతారు. తంబుర తీగల్ని ఆ ఎత్తుకి బిగించి పెడతారు. వయసు మీదపడి గొంతు దిగితే శ్రుతి కూడా దించుకోవాలి. కళ్లజోడు మార్చుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, సిగ్గుపడాల్సిన పని లేదు. కానీ మా మావయ్యగారు ముప్ఫై ఏళ్ల కిందట ఏదో సభలో, ఊపిరున్నంతకాలం నా శ్రుతి ఒకటిన్నరే అని ప్రకటించారట. అది పేపర్లో కూడా వచ్చిందట. ఆరోజు నుంచి అది గొంతు సంగతి కాకుండా పరువు సంగతి అయిపోయింది. అందుకని నాలుగేళ్లుగా నేను తంబురని అర మెట్టు దించి కట్టేదాన్ని. మా ఆయన దానికి సరిపడే వేరే మృదంగం సంచిలో పెట్టుకొచ్చేవారు. ఫిడేలు బాబాయిగారు తీగలు వదులు చేసుకుని "సరే సరే" అనేవారు. ఆయన దేనికైనా అనేది అదే.

శిష్యుడి స్వరం వెంట్రుకవాసి జారితే తొడ మీద గిల్లే మనిషికి, అర మెట్టు తేడా తెలియలేదంటే నేను నమ్మను. తెలిసే అడిగేవారు. తెలిసే చెప్పేదాన్ని. ఆ అబద్ధంతో మొదలైన కచేరీని జనం సత్యం, శివం, సుందరం అని పొగిడేవారు.

పదో తరగతి పరీక్షలు రాయకుండానే నన్ను ఈయన దగ్గర తంబుర వేయడానికి పెట్టారు. నా చెవి మంచిదట. చెవి ఇంత మంచిదైతే మార్కులెందుకన్నారు మా నాన్న. ఇంత మంచి చెవిని బయటికి పంపడమెందుకని రెండేళ్లకి మావయ్యగారు నన్ను కొడుక్కి చేసుకున్నారు. ఇంట్లోకి కొత్త బీరువా వచ్చినట్టు వచ్చాను.

తంబుర వేసేవాళ్లు గాయకుడి వెనక కూర్చుంటారు. సభలో అందరికీ ఆయన మొహం కనిపిస్తుంది. అరమోడ్పు కళ్లు, గాల్లో తేలే చెయ్యి, కంటి కొసన కాస్త తడి. నాకు వీపు కనిపిస్తుంది. వీపుకి నటన రాదు. పై స్వరం దగ్గర పడుతోందంటే మెడ వెనక నరాలు రెండు తాళ్లలా లేస్తాయి. చొక్కా నడుం దగ్గర తడుస్తుంది. ఎడమ చెయ్యి తివాచీ అంచుని పట్టుకుంటుంది. బావిలోకి దిగే మనిషి కూడా తాడుని అంత గట్టిగా పట్టుకోడు.

ఆ సీజన్‌కి పై పంచమం, అంటే పై స్థాయి 'ప', పూర్తిగా పోయింది. శ్రుతి దించినా అందలేదు. కచేరీలో అది ఒక్కసారే వస్తుంది, పెద్ద రాగం పాడేటప్పుడు. రాగమంతా ఎక్కి ఎక్కి చివరికి నిలబడే మెట్టు అది. అక్కడ నిలబడకపోతే ఇంతసేపూ ఎక్కిందెందుకని జనం మొహమొహాలు చూసుకుంటారు.

దానికాయన కనిపెట్టిన ఉపాయం మా పాప.

పాపకి ఎనిమిదేళ్లు. కరపత్రాల్లో "గాత్ర సహకారం: మనవరాలు" అని వేయించారు. పై పంచమం దగ్గరికి రాగానే ఆయన పాట ఆపి, కుడి చెయ్యి మెల్లగా పాప వైపు చాచి నవ్వుతారు. పాప నోరు తెరిచి ఆ స్వరాన్ని తన స్థాయిలో, ఆయన పాడే దానికంటే ఒక స్థాయి పైన, అందుకుని నిలబెడుతుంది. హాలంతా "అబ్బ" అని ముందుకి వంగుతుంది. తాత మనవరాలికి దారి వదిలాడంటారు. వారసత్వం అంటారు. ముందు వరసలో మా నాన్న కళ్లు తుడుచుకుంటారు.

ఆయన గొంతుకి కట్టిన శ్రుతి పిల్ల గొంతుకి పడదు. కిందికి దిగితే పిల్లకి గాలి తప్ప ఏమీ రాదు, పైకెక్కితే అరవాలి. రెండున్నర గంటలు అలా ఎక్కుతూ దిగుతూ ఉండాలి. ఈ మాట తెలియడానికి సంగీతం కూడా అక్కర్లేదు, పిల్లల్ని పెంచినవాళ్లెవరికైనా తెలుస్తుంది. మా ఇంట్లో సంగీతం తెలిసినవాళ్లు మాత్రమే ఉన్నారు.

వేదిక గర్భగుడితో సమానమని మావయ్యగారు చెప్పులు విడిచి, నేల తాకి కళ్లకద్దుకుని ఎక్కేవారు. గర్భగుడి వెనక గోడంతా నీళ్ల పైపుల కంపెనీ వాళ్ల బ్యానరు. మధ్యలో ఆయన ఫోటో, అటూ ఇటూ పైపులు, కింద పెద్ద అక్షరాలతో "ఎన్నటికీ కారదు" అని.

నాలుగో కచేరీ మర్నాడు పొద్దున పాప పక్క మీద లేచి కూర్చుని నన్ను పిలిచింది. పెదాలు "అమ్మా" అన్నాయి. నాకు వినపడింది గాలి మాత్రం, తలుపు సందులోంచి వచ్చినట్టు.

నేను అసలే భయస్తురాలిని. పిల్ల పుట్టినప్పట్నించీ దాని ఊపిరి లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని. రెండుసార్లు తుమ్మితే నుదుటి మీద చెయ్యేసేదాన్ని. ఆరోజు చెయ్యి నుదుటి మీదికి కాకుండా మెడ మీదికి పోయింది. ఏదైనా అనమన్నాను. పాప అంది. చేతికింద ఏదో గరుకుగా కదిలింది, మాట మాత్రం రాలేదు.

మావయ్యగారు అప్పటికే హాల్లో కూర్చుని ఉన్నారు. రోజూ ఆరు నుంచి తొమ్మిది దాకా సాధన. బడికి వెళ్లాల్సిన రోజుల్లో కూడా అంతే. రెండో పీరియడ్ నుంచి వెళ్లొచ్చని ఆయనే టీచరుకి చెప్పి వచ్చారు.

"పాప గొంతు రాలేదండి ఇవాళ," అన్నాను గుమ్మంలో నిలబడి.

"రాకపోవడమేంటి? తెరుచుకుంటోంది. గొంతు చీలాకే తెరుచుకుంటుంది. నాకూ ఈ వయసులో ఇంతే. రామ్మా బంగారూ, ఇవాళ ఇంకో అరగంట ఎక్కువ కూర్చుందాం."

పాప వెళ్లి కూర్చుంది. నేను తంబుర అందుకున్నాను. ఇది కూడా చెప్పాలి. నేనే అందుకున్నాను.

ఆ వారమే, బడి బూట్లు కొనాలని చెప్పి పాపని గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ చివర దీపమున్న సన్నటి గొట్టం ఒకటి పాప నోట్లో పెట్టి, పక్కనున్న తెర మీద చూపించింది. ఎర్రటి గుహలో రెండు తెల్లటి తెరలు. అవి కలిసే చోట అంచుల మీద రెండు చిన్న గింజలు.

"పార పట్టేవాళ్ల అరచేతిలో కాయలు కాస్తాయి చూడు. అవే ఇవి," అంది డాక్టరమ్మ. "పాప ఏం చేస్తుంది?"

"మూడో తరగతండి."

"అది కాదమ్మా. ఈ గొంతుతో ఏం చేస్తుంది? బజార్లో అరిచి అమ్మేవాళ్లకి కూడా ఇంత ఉండదు."

"పాడుతుందండి. పొద్దున మూడు గంటలు. కచేరీ ఉన్నరోజు సాయంత్రం ఇంకో రెండున్నర."

ఆవిడ కలం ఆపి నావైపు చూసింది. "ఇంట్లో ఎవరికీ వినపడలేదా, గొంతు ఇలా అయిపోతుంటే?"

"మాది సంగీతం ఇల్లండి."

హాస్యమాడాననుకుంది కాబోలు, అయినా నవ్వలేదు. మూడు నెలలు పాట మాటే ఎత్తొద్దంది. మాటలు కూడా తగ్గించాలి, గుసగుసలు అసలు కూడదు, కావాల్సింది కాగితం మీద రాయమనండి అంది. ఇప్పుడాపితే కాయలు కరిగిపోతాయి. ఆపకపోతే ఈ జీర జన్మంతా ఉండిపోతుంది. చీటీ ఇంగ్లీషులో రాసిచ్చింది. బస్సులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగుసార్లు చదివాను. అర్థం కాకపోయినా కంఠస్థమైంది.

ఇంటికొచ్చేసరికి హాల్లో మావయ్యగారు, మా ఆయన, ఫిడేలు బాబాయిగారు ఆఖరి కచేరీ గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ సభవాళ్లు మావయ్యగారికి బిరుదు ఇస్తున్నారు. బ్యానర్ మీద పాప ఫోటో కూడా పడుతుంది. ఈసారి పైపుల పక్కన కాదట, పైనట.

చీటీ చేతిలో పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. బూట్ల అబద్ధంతో సహా.

మావయ్యగారు కోప్పడలేదు. ఆయన కోప్పడరు, జాలిపడతారు. "ఆవిడకి గొంతంటే కండ, అమ్మాయ్. మనకి గొంతంటే నాదం. నాదం ఉపాసన. ఉపాసనకి సెలవుంటుందా? దీపం పెట్టేటప్పుడు వత్తికి నొప్పేస్తుందా అని ఎవరైనా అడుగుతారా?"

నేను అడుగుదామనుకున్నాను. ఆ ముందువారం వృద్ధాశ్రమం నుంచి ఇద్దరొచ్చి, ముసలివాళ్లు మిమ్మల్ని వినాలని ఆశపడుతున్నారు, ఒక్క కీర్తన పాడండని చేతులు జోడించారు. అప్పుడీయన ఏమన్నారో నేను మంచినీళ్ల గ్లాసులతో అక్కడే నిలబడి విన్నాను. "బాబూ, ఇది మా వృత్తి. గొంతు మా పనిముట్టు. వారానికి రెండు రోజులు దానికి విశ్రాంతి ఇవ్వకపోతే రేపు మేమేం తింటాం?" అన్నారు. అంటే ఆయన గొంతు వృత్తి, పాప గొంతు ఉపాసన. దేవుడు మా ఇంటికి అవసరాన్ని బట్టి వచ్చిపోతుంటాడు.

"మీ గొంతుకి రెండు రోజులు సెలవంటారు కదండీ," అన్నాను.

"నాది అరవై తొమ్మిదేళ్ల గొంతు. దానిది లేత గొంతు. రబ్బరులా సాగుతుంది."

మా ఆయన నేల చూపులు చూస్తూ, "ఇంకా మూడే కదే ఉన్నాయి. అయిపోగానే మాన్పిద్దాం," అన్నారు. "ఈలోపల నేను కాస్త గట్టిగా వాయించి కప్పేస్తాలే."

"దేన్ని?"

"అదే. జీరని. వినపడకుండా."

ఎదురుగా ఉన్నది పాప కన్నతండ్రి అని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది.

బాబాయిగారి వైపు చూశాను. ఆయన ఫిడేలు కమాను వెంట్రుకలకి గుగ్గిలం రాస్తూ, "సరే సరే," అన్నారు. ఎవరి మాటకన్నారో తెలియలేదు. ఆయనకీ తెలిసుండదు.

పుట్టింటికి వెళ్లిపోవాల్సింది అంటారు వినేవాళ్లు. మా పుట్టింట్లో ఉన్నది ముందు వరసలో కూర్చుని మనవరాలి పంచమానికి ఏడ్చే మనిషి. నన్ను ఆ సాయంత్రమే వెనక్కి దిగబెట్టేవారు, మావయ్యగారికి క్షమాపణలు కూడా చెప్పి.

ఐదో కచేరీలో మా ఆయన అన్నట్టే కప్పారు. రాగం పాడేటప్పుడు మృదంగం వాయించే ఆచారం లేకపోయినా, పాప పంచమం అందుకోగానే దాని మీద విరుచుకుపడ్డారు. జనం చప్పట్లు కొట్టారు. ఆరో కచేరీలో పాప స్వరం మధ్యలో రెండుగా చీలి, ఒక ముక్క పైకీ ఒక ముక్క కిందికీ పోయింది. నాకు పాత తలుపు తీసినట్టు వినిపించింది. ముందు వరసలో శాలువా కప్పుకున్న పెద్దమనిషి మాత్రం తల ఊపుతూ పక్కాయనతో, "ఏం గమకం," అన్నాడు. నాకు స్పష్టంగా వినపడింది. చెప్పానుగా, నా చెవి మంచిది.

ఆ రెండు కచేరీల్లోనూ నేను శ్రుతి తప్పకుండా నాలుగు తీగలూ మీటుతూనే ఉన్నాను.

ఏడో కచేరీ ఆదివారం సాయంత్రం. వేదిక వెనక గదిలో పాపని తలుపు పక్కన కూర్చోబెట్టి జుట్టు దువ్వుతున్నాను. పాప అప్పటికి రెండు రోజులుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడొద్దని ఎవరూ అనలేదు, రాక మాట్లాడలేదు. పలక మీద రాసి చూపించేది.

చెవి దగ్గర వంగి చెప్పాను. "ఇవాళ నువ్వు పాడొద్దు. నోరు తెరువు, పెదాలు ఆడించు, తాళం వెయ్యి. గొంతు మాత్రం తియ్యకు. ఒక్క స్వరం కూడా."

పాప పలక అందుకుంది. తాతయ్య తిడతారు, అని రాసింది.

"తిడితే నన్ను తిడతారు."

తుడిచి మళ్లీ రాసింది. అబద్ధం కదా.

"అబద్ధమే," అన్నాను. "మన ఇంట్లో అందరూ ఆడుతున్నదే. మనమూ చేరదాం."

పాప పలక తుడిచి సంచిలో పెట్టింది. అప్పుడే లోపలికొచ్చిన మావయ్యగారు ఎప్పటిలాగే అడిగారు, ఎప్పటిలాగే చెప్పాను. తంబుర సరిచేస్తున్నట్టు తీగల మీద పూసలు జరుపుతూ తల వంచుకున్నాను.

గంటన్నరసేపు పాప పెదాలాడించింది. ఆరువందల మంది ఉన్న హాలు. పాప ముందు ప్రత్యేకంగా ఒక మైకు. సంగీతం కోసమే పుట్టామని చెప్పుకునేవాళ్లు ముందు నాలుగు వరసల్లో. ఒక్కరంటే ఒక్కరు పాప గొంతు రావడం లేదని గమనించలేదు. పక్కన జానెడు దూరంలో కూర్చున్న తాతగారు కూడా. తన గొంతు తప్ప ఇంకో గొంతు ఆయన వినగా నేనెప్పుడూ చూడలేదు.

పెద్ద రాగం ఎత్తుకున్నారు. నిదానంగా, ఒక్కో మెట్టు మీదా కూర్చుని లేచి, షడ్జం దాటి, గాంధారం దగ్గర ఆగి, మధ్యమం అంచుని తాకారు. మెడ వెనక తాళ్లు లేచాయి. ఎడమ చెయ్యి తివాచీని పట్టుకుంది. కుడి చెయ్యి లేచి, పాప వైపు చాచుకుంది.

పాప నోరు తెరిచింది.

ఏమీ రాలేదు.

మా ఆయన పంచమం వినగానే విరుచుకుపడదామని చేతులెత్తి ఉంచారు. అవి అలాగే ఉన్నాయి. పాప వెంట వాయించాల్సిన బాబాయిగారు కమాను తీగ మీద పెట్టారు గానీ లాగలేదు. హాల్లో ఉన్నది తంబుర ఒక్కటే. నాలుగు తీగలు మీటడం ఒక చుట్టు. ఒక చుట్టు అయింది. రెండయ్యాయి. నేను ఆపితే అంతా కూలిపోతుందని తెలుసు. ఆపలేదు. అంత నిలకడగా నేనెన్నడూ మీటలేదు. మూడో చుట్టులో మావయ్యగారి మెడ ఎర్రబడి, ఎరుపు చెవుల దాకా పాకింది. నాలుగులో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చెయ్యి మాత్రం గాల్లో అలాగే ఉంది. దించడానికి దారి తెలియక ఉండిపోయింది.

ఐదో చుట్టులో ముందు వరసలో ఎవరో "ఆహా" అన్నారు. చాలా మెల్లగా, ఏడుపు గొంతుతో.

మావయ్యగారు తెలివైనవారు, అది కాదనను. ఆరో చుట్టు అయ్యేసరికి చాచిన చెయ్యి మెల్లగా వెనక్కొచ్చి గుండె మీద ఆనింది. తల వంగింది. కింది షడ్జంలో, ఉందా లేదా అన్నంత సన్నగా, గొంతు కలిపారు.

హాలు లేచి నిలబడింది. మా నాన్న బావురుమన్నారు.

సభ సెక్రటరీ మైకు పట్టుకుని, "ఆ పంచమాన్ని మనమెవరమూ వినలేదు. దాన్ని భగవంతుడొక్కడే విన్నాడు. సమాధి స్థితి అని చదివాం గానీ కళ్లారా చూడడం ఇదే," అన్నారు. మర్నాడు ఒక పేపరు ఆ మాటలే అచ్చేసింది. రెండు రోజుల తర్వాత, దేవుడి ఊసే గిట్టని పత్రికొకటి ఇంకో రకంగా రాసింది. శిఖరాన్ని నిరాకరించడం భక్తి సంప్రదాయం మీద ఈ వృద్ధ గాయకుడు చేసిన తిరుగుబాటట, సంగీతాన్ని దేవుడి చెరనుంచి విడిపించి మనిషి నిశ్శబ్దానికి అప్పగించాడట. మావయ్యగారు రెండింటినీ కత్తిరించి ఒకే ఫైల్లో పెట్టుకున్నారు. దేవుడు ఉన్నాడని నమ్మేవాళ్లూ లేడని నమ్మేవాళ్లూ కలిసి ఒక ఎనిమిదేళ్ల పిల్ల మూసుకున్న గొంతుని మెచ్చుకున్నారు. ఆ పిల్ల సంగతి రెండింటిలోనూ లేదు.

కార్లో పాప నా ఒళ్లో నిద్రపోయింది. మావయ్యగారు ముందు సీట్లో బిరుదు పత్రం చుట్ట విప్పి, చదివి, చుట్టి, మళ్లీ విప్పారు. తిడతారని నేను ఎదురుచూశాను. ఇల్లొచ్చేదాకా చూశాను.

నాలుగో రోజు పొద్దున, సాధన వేళకి, "అమ్మాయ్, తంబుర పట్టుకురా," అని కేకేశారు. పాపని పిలవలేదు. నేను కూర్చోగానే అదే రాగం ఎత్తుకుని, అదే మధ్యమం దాకా ఎక్కి, చెయ్యి చాచి, ఆగారు. చెయ్యి ఈసారి ఎవరి వైపూ లేదు, కిటికీ వైపు ఉంది. నేను మీటుతున్నాను. కాసేపటికి ఒక కన్ను తెరిచారు.

"ఎన్నయ్యాయి?"

"నాలుగు చుట్లండి."

"ఆరోజు?"

"ఆరు."

ఆలోచించారు. "ఆరు ఎక్కువేమో. జనం దగ్గుతారు."

"ఆరోజు ఎవరూ దగ్గలేదండి."

"ఆరోజంటే అనుకోకుండా వచ్చింది. అనుకుని చేసేటప్పుడు నాలుగే చాలు." కన్ను మూశారు. మళ్లీ తెరిచారు. "చెయ్యి ఇలా ఉంటే బాగుంటుందా, కాస్త కిందికా?"

"నాకు వెనకనుంచి తెలియదండి."

"ఊఁ." ఇంకో రెండుసార్లు నిశ్శబ్దాన్ని సాధన చేశారు. రెండోసారి బాగా కుదిరింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి వింటూ తలూపారు కూడా. లేవబోతూ మావయ్యగారు, ఉత్తరీయం భుజాన వేసుకుంటూ, అటు తిరిగే అన్నారు. "పాపని ఇంక వేదిక మీద కూర్చోబెట్టకు. పక్కన చిన్నపిల్ల మసులుతుంటే ఆ భావం చెదిరిపోతుంది."

"అలాగే, మావయ్యగారూ."

ఆ పిల్ల గొంతు ఎలా ఉందని అడగలేదు. పనికిరాని కుర్చీని వసారాలో పెట్టమన్నట్టు చెప్పి స్నానానికి వెళ్లిపోయారు. ఆ మాటకి ఒళ్లు మండాలి నిజానికి. నేను తంబుర గోడకి ఆనించి, వంటగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చాను.

తర్వాత ఒకరోజు ఫిడేలు బాబాయిగారు వాకిట్లో చెప్పులేసుకుంటూ నాతో ఒక మాటన్నారు. "నేను అందుకోగలిగేవాణ్ణేనమ్మా ఆరోజు. పంచమం నా తీగ మీదే ఉంది. పాప మెడ చూశాను. నరం కదల్లేదు. గొంతు రాకపోవడం కాదు, తీయడం లేదని తెలిసింది." చెప్పు పట్టీ సరిచేసుకున్నారు. "కమాను లాగబోయి ఆగిపోయాను. అంతే." అని, అలవాటు కొద్దీ "సరే సరే," అనుకుంటూ వెళ్లిపోయారు. ఆ సీజన్ మొత్తంలో విన్న మనిషి ఆయనొక్కరే. అదీ చూసి విన్నారు.

మూడు నెలలు పాప రాసుకుంటూ గడిపింది. రెండో నెలలో బడికి మొదటి పీరియడ్ నుంచే పంపడం మొదలుపెట్టాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. మావయ్యగారు ఎండాకాలం కచేరీలకి నిశ్శబ్దంతోనే వెళ్లారు. రోజుకొక చోట నాలుగు చుట్ల సమాధి. జనం దానికోసమే ఎదురుచూసి, అది కాగానే కాఫీకి లేచి వెళ్లేవారు.

మూడు నెలలు నిండిన రోజు డాక్టరమ్మ మళ్లీ ఆ గొట్టం పెట్టి చూసింది. తెల్లటి తెరలు రెండూ నున్నగా ఉన్నాయి. "ఆ అనమ్మా," అంది. పాప అంది. గదిలో ఉన్న ముగ్గురం విన్నాం.

"ఇంక మాట్లాడొచ్చు. మెల్లగా మొదలుపెట్టి పాడుకోవచ్చు కూడా," అంది డాక్టరమ్మ.

పాప నావైపు చూసింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాసేపయ్యాక పాప నోటు పుస్తకం తీసి ఒడిలో పెట్టుకుని రాసింది. తాతయ్యకి చెప్తావా.

"ఏమని?"

నాకు గొంతు వచ్చిందని.

ఆయనకిప్పుడు దాంతో పని లేదని చెప్పొచ్చు. కానీ ఎనిమిదేళ్ల పిల్లకి అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైగా ఆయన నాలుగు చుట్లు ఎప్పటికి పాతబడతాయో, మళ్లీ ఎప్పుడు "రామ్మా బంగారూ" అంటారో ఎవరికి తెలుసు.

"చెప్పను," అన్నాను. "ఇంకా పాడకూడదన్నారనే చెప్తాను. అడిగినన్నాళ్లూ అదే చెప్తాను."

పాప పుస్తకం మూసి, పెన్సిలు దాని మధ్యలో పెట్టి, నా సంచిలో తోసేసింది. గొంతు సవరించుకుంది.

"అమ్మా, మా బెంచీలో ఒకమ్మాయి ఉంది," అంది.

గొంతులో అడుగున ఎక్కడో సన్నటి గరుకు ఉంది. ఉందనిపించింది. నేను మెడ వంచి దానికోసమే వినడం మొదలుపెట్టాను. ప్రతి మాట చివరా, ప్రతి పొల్లు దగ్గరా వెతికాను. పాప చెప్పుకుపోతోంది. ఆ అమ్మాయికి పన్ను ఊగుతోందట. టీచరు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా నాలుకతో తోసి చూపిస్తుందట. నిన్న గుణకారం చేస్తుంటే అది ఊడి ముందు బెంచీ అమ్మాయి జడలో పడిందట. ఆ జడ అమ్మాయికి తెలియదట, పన్నుతోనే లేచి లెక్క చెప్పడానికి బోర్డు దగ్గరికి వెళ్లిందట. బస్సు ఒక స్టాపు దాటింది. రెండు దాటింది. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. పాప గొంతు పెంచింది. క్లాసంతా నోళ్లు మూసుకుని కూర్చున్నారట, ఒక్కళ్లు కూడా చెప్పలేదట.

గరుకు సంగతి ఎప్పుడు మరిచిపోయానో తెలియదు.

"తర్వాత?" అన్నాను.